అన్నాల గదిలో ఎవరి పక్కన ఎవరు

శనివారం సాయంత్రం హెర్లిండా సౌసెడో తన గ్యారేజీలోంచి డుయేన్ క్రాటోచ్విల్‌ని వెళ్ళగొట్టింది. కిందటి వారం అక్కడ ఆగాం. ఎందుకు వెళ్ళగొట్టిందో గుర్తులేనివాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను.

ప్లమ్ ఫోర్డ్ కబేళాలో యూనియన్ కావాలా వద్దా అని శుక్రవారం ఓట్లు. దానికోసం తిరుగుతున్న కమిటీ మనుషులెవరో కంపెనీకి తెలియకూడదు. తెలిసిపోయింది. సోమాలీ మనిషి ఉబాహ్‌ని పగటి లైను మీంచి తీసి రాత్రి పూట కడిగే పనికి వేశారు. బర్మా నుంచి వచ్చిన ఎ డోని పచ్చితోళ్ళ గోదాములోకి దింపారు. పద్నాలుగేళ్ళుగా కత్తి పట్టిన మెక్సికో మనిషి హెర్లిండాని పేగులు కడిగే గదిలో పడేశారు. కమిటీలో కదలకుండా మిగిలింది ఒక్క డుయేన్. రంపం దగ్గర నిలబడే తెల్లవాడు, తాతల నాటి నుంచి ఆ ఊరివాడు.

అనుమానానికి ఇంకో కారణం కూడా ఉంది. యూనివర్సిటీ నుంచి డాక్టర్ జోస్లిన్ ట్రెడ్‌వెల్ అనే ఆవిడ వచ్చి, కబేళా భోజనాల గదిలో ఓ మూల కూర్చుని ఎవరి పక్కన ఎవరు తింటారో రెండు వారాలు చూసింది. అమెరికాలో రకరకాల జాతులవాళ్ళు ఒకర్నొకరు ఏ కంటితో చూసుకుంటారన్నది ఆవిడ చదువు. చూడనీ, మనం ఒకటేనని కళ్ళారా చూసి రాసుకోనీ అని హెర్లిండా పంతం పట్టింది. సోమాలీలు ఒక బల్ల, మెక్సికోవాళ్ళు ఒక బల్ల, తెల్లవాళ్ళు కిటికీ పక్క బల్ల అనే పాత పద్ధతి వదిలేసి కమిటీ వాళ్ళంతా కలిసి కూర్చోవాలంది. అందరూ కూర్చున్నారు. డుయేన్ మాత్రం రాలేదు. గ్యారేజీలో నిలదీసి అడిగితే నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నేల చూశాడు తప్ప పలకలేదు.

అప్పుడు హెర్లిండా అంది: "మీవాళ్ళకి యూనియన్ దేనికిలే. కంపెనీ మీది, ఊరు మీది. తెల్లతోలువాణ్ణి తెచ్చి నా గ్యారేజీలో కూర్చోబెట్టుకున్నాను చూడు, బుద్ధిలేనిదాన్ని నేను."

డుయేన్ టోపీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నానికి హెర్లిండా ఉబాహ్‌ని వెంటేసుకుని లాండ్రీకి పోయింది. నాణేలు వేస్తే తిరిగే మిషన్లు వరసగా ఉన్న కొట్టు. కబేళా తర్వాత ఊళ్ళోని భాషలన్నీ ఒక్కచోట వినపడేది అక్కడే. ఊళ్ళో ఇల్లు లేక మోటెల్లో దిగిన డాక్టరు ఆదివారం బట్టలు అక్కడే ఉతుక్కుంటుందని అందరికీ తెలుసు. డుయేన్ ఎవరి చెవిలో ఏం ఊదాడో ఆవిడ నోటితోనే చెప్పించాలని హెర్లిండా ఆలోచన. డుయేన్ కంపెనీ మనిషని రుజువు దొరికితే సోమవారం మిగతావాళ్ళకి ధైర్యం చెప్పొచ్చు. దొరకకపోతే అందరూ అందర్నీ అనుమానిస్తూ శుక్రవారం ఓటు దగ్గరికి వెళ్తారు. అలా వెళ్ళినవాళ్ళు ఏ ఓటు వేస్తారో కంపెనీకి బాగా తెలుసు.

జోస్లిన్ ట్రెడ్‌వెల్ చివరి మిషను ముందు కూర్చుని ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో. నల్లమనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కాళ్ళకి పాత టెన్నిసు బూట్లు.

"డాక్టరమ్మా, మాతో మాట్లాడతారా, లేకపోతే దానికీ ఆఫీసువాళ్ళ అనుమతి కావాలా?" అంది హెర్లిండా.

"హెర్లిండా గారు కదూ. కూర్చోండి."

"నా పేరు మీకెలా తెలుసు?"

"మీ హెల్మెట్ మీద ఉంటుందిగా. రోజూ చూశాను."

ఉబాహ్ బట్టల బుట్ట దభీమని కింద పెట్టింది. రాత్రి పని నుంచి వచ్చి సరిగ్గా నిద్రపోలేదు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. హెర్లిండాని తన భాషలో వలాల్ అంటుంది, అక్కా అన్నట్టు. "విన్నావా వలాల్? పేర్లు రాసుకోం, మీ పేర్లతో మాకు పనిలేదు అని మొదటిరోజు చెప్పలా? హెల్మెట్లు మాత్రం చదువుకున్నారంట."

"చదవడం వేరు, రాయడం వేరండీ. నేను రాయలేదు."

"తలకాయలో రాసుకుంటే సరిపోదూ?"

జోస్లిన్ నవ్వబోయి మానుకుంది. ఈ ఇద్దరూ నవ్వడానికి రాలేదని తెలిసింది. మిషన్లో ఆవిడ బట్టలు గిరగిరా తిరుగుతున్నాయి. పక్క వరసలో ఒక గ్వాటెమాలా తల్లి పిల్లల చొక్కాలు మడతపెడుతూ వీళ్ళవైపే చెవి పెట్టింది.

"సూటిగా అడుగుతా," అంది హెర్లిండా. "మేం ఎవరమో కంపెనీకి ఎవరు చెప్పారు?"

"మీరెవరో అంటే?"

"తెలీనట్టు నటించకు." డాక్టరమ్మా పోయింది, మీరూ పోయింది. "నన్ను పేగుల్లోకి తోశారు. దీన్ని రాత్రి పనిలోకి. ఎ డోని తోళ్ళలోకి. ఊరికే తోశారా?"

జోస్లిన్ ముఖంలో ఏదో కదిలింది. హెర్లిండా దాన్నే కనిపెట్టి చూస్తోంది. పద్నాలుగేళ్ళు లైను మీద పక్కవాడి కత్తి ఎటు తిరుగుతుందో ఓరకంట చూస్తూ బతికిన మనిషి, ఎదుటివాళ్ళ ముఖం మారితే పట్టుకోలేదా. ఈవిడకి భయం వేసింది. ఎందుకు వేసిందో తేలాలి.

"మిమ్మల్ని మార్చారని నాకు తెలీదు. ఎప్పుడు?"

"నువ్వు నీ కాగితాలు సర్దుకుని వెళ్ళిన తర్వాతి సోమవారం."

"అయ్యో," అంది జోస్లిన్ నెమ్మదిగా.

"అయ్యోలు తర్వాత. ఆఫీసుకి ఏమిచ్చావు?"

"ఒక బొమ్మ. అంతే. బల్లలు, చుక్కలు. ఒక్కో భాషకి ఒక్కో రంగు చుక్క. పేరు లేదు, వయసు లేదు. చదువు చేయనిచ్చినందుకు కంపెనీకి ఫలితం చూపించాలని ఒప్పందం. మిసెస్ హెగ్‌స్ట్రామ్‌కి చూపించాను."

హెగ్‌స్ట్రామ్ అంటే కబేళా సిబ్బంది ఆఫీసు నడిపే మనిషి. కొత్తగా చేరినవాళ్ళకి చాక్లెట్ బిళ్ళ ఇచ్చి చేతులు కలిపేది ఆవిడే, తీసేసేటప్పుడు గేటు దాకా సాగనంపేదీ ఆవిడే.

"చూపిస్తే ఏమంది?"

"చాలా ఆసక్తిగా..." జోస్లిన్ ఆగింది. బల్ల మీద పెట్టిన తడి మేజోళ్ళ కుప్పలోంచి రెండు తెల్లవి, రెండు నల్లవి, ఒక గోధుమరంగుది తీసి పక్కపక్కన పరవబోయింది. "ఇలా అనుకోండి, మొదటివారం ప్రతి బల్లా ఒకే రంగు..."

"మమ్మల్ని మేజోళ్ళు చెయ్యకు," అంది హెర్లిండా.

"పైగా జత కలవనివి," అంది ఉబాహ్.

జోస్లిన్ మేజోళ్ళు కుప్పలో పడేసి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "రెండోవారం మూడు బల్లల మీద రంగులు కలిశాయి. నేను చాలా ఊళ్ళలో ఇలాంటి గదులు చూశాను. ఎవరూ చెప్పకుండా అలా కలవడం ఎక్కడా చూడలేదు. వాటికి వంతెన బల్లలని పేరు పెట్టాను. ఇలాంటివాళ్ళ వల్లే గోడలు కూలతాయి, వీళ్ళని గౌరవంగా చూసుకోండి అని చెప్పాను."

"ఎవరికి?"

"హెగ్‌స్ట్రామ్‌కి."

"ఆవిడేమంది?"

"ఆ బల్లలు గదిలో ఎటువైపు ఉన్నాయని అడిగింది."

"చెప్పావా?"

"చెప్పాను." జోస్లిన్ తల వంచుకోలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి. "సంతోషంగా చెప్పాను."

హెర్లిండా కుర్చీ వెనక్కి జారబడింది. చుక్కలకి పేర్లు లేవట. పేర్లెందుకు? ఫోర్‌మన్ వచ్చి కాఫీ మిషను పక్క బల్ల వైపు ఒక్కసారి తొంగిచూస్తే చాలు. మెక్సికోవాళ్ళ మధ్యలో గళ్ళ తలగుడ్డతో కూర్చున్న సోమాలీ మనిషి ఎవరో పోల్చుకోవడానికి చుక్కలో పేరు రాయాలా? మనుషుల్ని విడగొట్టి లాభం తినేవాడికి, కలిసి కూర్చున్నవాళ్ళ జాడ దొరికితే అంతకంటే ఏం కావాలి. కంపెనీకి గూఢచారి అక్కర్లేకపోయింది. మంచి మనసున్న ఒక చదువుకున్న మనిషి ఒక బొమ్మ గీసిస్తే సరిపోయింది.

"నేను మీకు శత్రువుని కాను," అంది జోస్లిన్. "మా నాయనమ్మ ఇలాంటి ప్లాంటులోనే నల్లవాళ్ళకని పెట్టిన వేరే తలుపు గుండా లోపలికెళ్ళేది. నేను ఈ చదువు చదివింది అందుకే."

"శత్రువువైతే బాగుండేది. నిన్ను చూసినప్పుడు నోరు మూసుకునేవాళ్ళం."

"ఇప్పుడైనా అనుమానం పోయిందా?"

"నాకు పోలేదు," అంది ఉబాహ్. "ఇప్పుడు మేం చెప్పేది కూడా రేపు బొమ్మ అవదని ఏముంది? ఎర్రచుక్క లాండ్రీకొచ్చి పచ్చచుక్కని తిట్టింది అని."

"ఇంక గీయను."

"గీసినా నీ బొమ్మ తప్పేలే," అంది హెర్లిండా. "ఎవరూ చెప్పకుండా కలిశారన్నావే. నేను చెప్పాను. నీకు చూపించడానికే కలిసి కూర్చున్నాం. నువ్వు చూసింది నాటకం."

"రెండోవారం అంతానా?"

"అంతా. ఉబాహ్‌కి పంది మాంసం వాసన పడదు, అయినా పక్కన కూర్చుంది. ఎ డోకి నా ఇంగ్లీషు అర్థం కాదు, నాకు వాడిది అర్థం కాదు. అరగంట సేపు ఒకళ్ళనొకళ్ళు చూసి తలలూపుకున్నాం."

"దాని మీద ఒక అధ్యాయం రాశాను నేను."

ఆ వారంలో మొదటిసారి ఉబాహ్ పకపకా నవ్వింది. పక్క వరసలోని తల్లి కూడా ఎందుకో తెలీకుండానే నవ్వింది. హెర్లిండా నవ్వలేదు. ఆ నాటకం ఆడించింది తను. కమిటీలో ఎవరున్నారో దాచాల్సింది పోయి అందర్నీ ఏరి మూడు బల్లల మీద వడ్డించింది తను. అయినా ఒక ముడి మిగిలే ఉంది, దాన్ని గట్టిగా పట్టుకుంది. ఆ ముడి నిలబడితే తప్పులో సగమైనా ఇంకొకడిదవుతుంది.

"సరే. బొమ్మ నీదే. కానీ మాలోంచి కూడా ఒకడు కబుర్లు మోశాడు. రంపం దగ్గర పనిచేసేవాడు, ఎర్రగడ్డం. మా కమిటీ మనిషే. వాణ్ణొక్కణ్ణీ కదపలేదు. వాడు హెగ్‌స్ట్రామ్‌తో మాట్లాడటం నువ్వు చూశావా?"

"ఎర్రగడ్డం?" జోస్లిన్ ఆలోచించింది. "ఆయన నా బొమ్మలోనే లేరు."

"లేకపోవడమేంటి?"

"భోజనాల గదిలోకి రానేలేదు. మొదటివారమూ రాలేదు, రెండోవారమూ రాలేదు. రాని మనిషికి చుక్క ఎక్కడ పెడతాను? బయట తన ట్రక్కులో తింటారు."

"చూశావా, మన పక్కన కూర్చోలేక," అంది ఉబాహ్.

"అది కాదనుకుంటా." జోస్లిన్ చెప్పనా వద్దా అని తటపటాయించింది. "నా కారు ఆయన ట్రక్కు పక్కన ఆపేదాన్ని. ఒకరోజు దిగుతూ అటు చూశాను. ఫ్లాస్కులోంచి సూపు తాగుతున్నారు. పళ్ళసెట్టు తీసి స్టీరింగు ముందు పెట్టుకున్నారు. నోట్లో ఒక్క పన్ను లేదు. నన్ను చూసి ముఖం అటు తిప్పేసుకున్నారు. మర్నాటి నుంచి నేను కారు వేరేచోట ఆపాను."

ఉబాహ్ హెర్లిండాని చూసింది. హెర్లిండా నమ్మలేదు. నమ్మితే ఏమవుతుందో తెలుసు గనక నమ్మదలుచుకోలేదు.

"ఏ ట్రక్కు?"

"పాత ఆకుపచ్చది. వెనక అద్దం పగిలితే అట్టముక్క అంటించారు."

డుయేన్‌దే.

"ఈ కథ హెగ్‌స్ట్రామ్ చెప్పమందేమో, మనం మళ్ళీ వాణ్ణి లోపలికి రానివ్వాలని," అంది ఉబాహ్. కానీ గొంతులో ఇందాకటి పదును లేదు.

హెర్లిండాకి ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. వేసవి మొదట్లో డుయేన్ చెప్పాపెట్టకుండా నాలుగు రోజులు పనికి రాలేదు. వచ్చాక మాట తగ్గించాడు. చెయ్యెప్పుడూ గడ్డం దగ్గరే. గ్యారేజీలో తను మొక్కజొన్న పిండితో చేసిన వేడివేడి తమాలెలు ముందు పెడితే కడుపు నిండుగా ఉందన్నాడు. ఉబాహ్ సంబూసాలు తెస్తే ఒకటి చేతిలో పట్టుకుని సమావేశం అయ్యేదాకా తినకుండా కూర్చున్నాడు. వాడు వెళ్ళాక తనే అంది, తెల్లవాడికి మన చేతి తిండి అసహ్యం అని. ఉబాహ్ అవునంది. ఎ డో అర్థం కాకపోయినా తలూపాడు. ఎందుకు తినవు అని ఒక్కరూ అడగలేదు. అడగాలని కూడా తోచలేదు, తెల్లవాడు కాబట్టి కారణం ముందే తెలుసనుకున్నారు.

వాళ్ళ తాతలు ఊరు కట్టారు, వాడి పళ్ళు కట్టించడానికి మాత్రం కంపెనీ బీమా పనికిరాలేదు. కుదరని సెట్టు, చిగుళ్ళ నొప్పి, పదిమందిలో నోరు తెరవడానికి సిగ్గు. అంతే. బల్ల దగ్గర లేడు గనకే కంపెనీ కంట్లో పడలేదు, అంతకు మించి ఏమీ లేదు.

"పద," అంది హెర్లిండా లేచి.

"బట్టలు?"

"తర్వాత."

"నేను కూడా రావచ్చా?" అంది జోస్లిన్. "ఆ బొమ్మ నేనే ఇచ్చానని ఆయనకి చెప్తాను."

"వద్దు. ఇక మా మధ్యకి నువ్వు రావద్దు. చెప్పాలంటే శుక్రవారం లోపల గేటు దగ్గర నిలబడి అందరికీ చెప్పు. చెప్తావా?"

జోస్లిన్ వెంటనే జవాబు చెప్పలేదు. ఆ ఆలస్యాన్ని కూడా హెర్లిండా గుర్తు పెట్టుకుని బయటికి నడిచింది.

డుయేన్ ఇల్లు రైలుపట్టాల అవతల. కారులో దారిపొడుగునా ఉబాహ్ ఒకటే మాట. "ఏం చెప్తావు వలాల్? నీ పళ్ళు ఊడాయని తెలీక దొంగవన్నాం అంటావా?"

"తప్పు నాదని చెప్తాను."

"మనదని చెప్పు. అసహ్యం అని నువ్వంటే అవునన్నది నేనేగా."

"రంపాల బల్ల దగ్గర వాడి మాట వినేవాళ్ళు చాలామంది. వాడు లేకపోతే ఆ ఓట్లు లేవు."

"ఓట్ల కోసమే వెళ్తున్నామా?"

పట్టాల దగ్గర హెర్లిండా కారు నెమ్మది చేసింది. "రెండిటికీ. వాడికి అబద్ధం చెప్పను, అడిగితే రెండిటికీ అని చెప్తాను."

ఇంటి ముందు ఆకుపచ్చ ట్రక్కు ఉంది. దాని వెనక ఇంకో మూడు ట్రక్కులు, అన్నీ రంపాల దగ్గరివాళ్ళవే. వాటి పక్కన కడిగి మెరుస్తున్న తెల్లకారు, రోజూ కబేళా ఆఫీసు ముందు ఆగేది. ఉబాహ్ దాన్ని చూసి, "నేను దిగను," అంది. "నేను దిగితే వాళ్ళకి ఇంకో చుక్క."

హెర్లిండా ఒక్కతే మెట్లెక్కింది. తలుపు కొట్టకముందే డుయేన్ వచ్చి తీశాడు. లోపలినుంచి కాఫీ వాసన, మగవాళ్ళ నవ్వులు. వాటి మధ్యలో బాగా ఎరిగిన ఆడగొంతు, కొత్తవాళ్ళకి చాక్లెట్ ఇచ్చేటప్పటి గొంతు. డుయేన్ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏం కావాలి లిండా?"

"నిన్న నేను నీకు అన్యాయం చేశాను. ఎవరూ మోయలేదు. నేనే అందర్నీ కూర్చోబెట్టి చూపించాను. నువ్వెందుకు రాలేదో అడక్కుండా నీ రంగు చూసి తీర్పు చెప్పాను. ఇప్పుడు తెలిసింది."

"ఏం తెలిసింది?"

ఆమె అతని నోటివైపు చూడలేదు. "తెలియాల్సింది తెలిసింది. ఇంకెవరికీ చెప్పను."

డుయేన్ ముఖం కందిపోయింది. రైలుపట్టాల వైపు తిరిగాడు. "అడిగితే చెప్పేవాణ్ణి. అందరి ముందూ కాదు. పక్కకి పిలిచి అడిగితే చెప్పేవాణ్ణి."

"తెలుసు. అడగలేదు."

"తెల్లతోలువాడన్నావు. మా అమ్మ అదే కబేళాలో నడుం విరిగి చచ్చింది. ఏ ఊరు నాదన్నావో ఆ ఊళ్ళో."

"అన్నాను. కాదనను."

లోపల ఎవరో ఏదో అన్నారు, నలుగురూ నవ్వారు.

"హెగ్‌స్ట్రామ్ ఎప్పుడొచ్చింది?" అంది హెర్లిండా.

"పొద్దున చర్చి అయ్యాక. నిన్న నీ గ్యారేజీ నుంచి వస్తూ మావాళ్ళ దగ్గర నోరు జారాను. ఎవరు చేరేశారో, ఆవిడకి చేరిపోయింది."

"నువ్వు ఆవిడకేం చెప్పావు?"

"నువ్వు నన్నన్న మాటలు. ఉన్నవి ఉన్నట్టు. ఒక్క ముక్క కలపలేదు."

"అవి ఆవిడకి దేనికి?"

"రేపు మధ్యాహ్నం భోజనాల గదిలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పమంటోంది. యూనియన్ వాళ్ళ గ్యారేజీలో తెల్లవాళ్ళని ఏమంటారో అందరికీ తెలియాలంట."

హెర్లిండాకి ఆ గది కళ్ళముందు కనిపించింది. కిటికీ పక్క బల్ల మొత్తం లేచి నిలబడటం, మిగతా బల్లలు ఎవరి రంగు వాళ్ళు సర్దుకుని దగ్గరగా జరగడం, శుక్రవారం రాకముందే శుక్రవారం అయిపోవడం.

"నువ్వేమన్నావు డుయేన్?"

అతను చెయ్యి నోటి దాకా తెచ్చి, ఏమనుకున్నాడో, కిందికి దించేశాడు.

"సరేనన్నాను," అన్నాడు. "అది నువ్వు రాకముందు."